కీబోర్డులో కీచు తగ్గేదెలా?



నంద్యాల పట్టణంలోని పెద్ద దేవాలయాలు మొదలుకొని ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో రేకుల కప్పు కింద కూడుకునే చిన్న సంఘాల వరకు నేడు కీబోర్డు లేని ఆరాధన అరుదు. ఒకప్పుడు హార్మోనియం, తబలా, తాళాలు ఉన్న చోట ఇప్పుడు ఒక్క పెట్టెలో వందల టోన్లు ఇమిడి ఉన్నాయి. వయొలిన్ కావాలంటే వయొలిన్, వేణువు కావాలంటే వేణువు. యౌవనస్థులు ఎంతో ఆసక్తితో నేర్చుకుంటున్నారు. సంఘాలు చందాలు పోగుచేసి కొనిపెడుతున్నాయి. ఇది సంతోషించదగిన సంగతే.

అయితే ఈ సంతోషం వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. ఆదివారం ఆరాధన ముగిశాక పెద్ద వయసు తల్లులు మా దగ్గరకు వచ్చి, పాట వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదయ్యా అంటుంటారు. కొందరు ముందు బల్లలు వదిలి గుమ్మం పక్కన కూర్చుంటారు. మరికొందరు పాటలన్నీ అయ్యాక వస్తారు. వాళ్ల ఇబ్బంది చూసి సంఘ పెద్ద ఒకరు కీబోర్డు అబ్బాయికి సైగ చేస్తారు. అబ్బాయి సౌండు తగ్గిస్తాడు. వెంటనే వెనక బల్లల నుంచి వినబడడం లేదని మరో సైగ. అందరి ముందూ పిల్లవాడి మొహం చిన్నబోతుంది. ఇలా నాలుగు వారాలు జరిగితే ఐదో వారం ఆ కుర్చీ ఖాళీ.

మేము చూసినంతలో ఈ తగవులో అందరూ న్యాయమైన మాటే చెబుతున్నారు. తగవు మాత్రం వేరే మీట దగ్గర జరుగుతోంది. అందరి చూపూ వాల్యూము మీదనే ఉంది. బాధ పెడుతున్నది స్వరంలోని పదును. పెద్ద శబ్దమంతా చెవిని గుచ్చదు. దేవాలయపు గంట ఎంత గట్టిగా మోగినా గుచ్చదు, గాజు పలక మీద గోరుతో గీస్తే చిన్న శబ్దమైనా ఒళ్లు జలదరిస్తుంది. ఈ పదును ఎక్కడ పుడుతుందో తెలుసుకుంటే, పైసా ఖర్చు లేకుండానే చాలామటుకు తగ్గించుకోవచ్చు. ఆ సంగతులే ఈ నెల మనవి చేస్తున్నాము.

చెవి ఎందుకు బాధపడుతుంది?

శబ్దమంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పడుచువారి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. అయితే అన్నింటినీ ఒకే తీరుగా వినదు. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య అది అతి చురుకుగా ఉంటుంది. చెవి రంధ్రం ఒక చిన్న గొట్టం లాంటిది గనుక, సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దం ఆ గొట్టంలోనే మరింత బలపడి లోపలికి వెళ్తుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు చెవికి ఉన్న ఈ తారతమ్యాన్ని కొలిచి 1933లో ప్రకటించారు. వారి కొలతల్లో మనకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. మొత్తం శబ్దాన్ని తగ్గించుకుంటూ పోతే చెవికి ముందుగా అందకుండా పోయేవి మంద్ర స్వరాలు. గుచ్చే భాగం చివరి వరకు మిగిలే ఉంటుంది. అందుకే కీచుమనే టోన్‌ను వాల్యూము తగ్గించి సరిచేయబోతే నిండుదనం పోయి, పలచని కీచు మాత్రం నిలుస్తుంది.

మరి కీబోర్డులో ఇంత పైస్థాయి శబ్దం ఎక్కడిది? 61 మెట్ల కీబోర్డులో కుడిచేతి వైపు ఆఖరి మెట్టు స్వరం సుమారు 2,093 హెర్ట్జ్ మాత్రమే. దానికి పైన వినబడేదంతా ఉపస్వరాలు. 440 హెర్ట్జ్ మెట్టు నొక్కితే ఆ ఒక్క స్వరమే రాదు. దాని రెట్టింపు 880, మూడింతలు 1,320, నాలుగింతలు 1,760, అలా పైకి పైకి ఎన్నో సన్నని స్వరాలు దానితో కలిసి వస్తాయి. వేణువుకూ వయొలిన్‌కూ తేడా తెలిసేది వీటివల్లనే. ఇవి మితంగా ఉంటే స్వరానికి వెలుగు వస్తుంది. మితిమీరితే చెవి అతి చురుకుగా ఉన్న చోటనే కుప్పపడి గుచ్చుతాయి.

మాట ఎందుకు మరుగున పడుతుంది?

పాలు, కాలు, చాలు. ఈ మూడు మాటలూ ఒకసారి పైకి పలికి చూడండి. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. మన మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో పలుకుతాయి. ప, క, చ, త, స, శ వంటి హల్లులు బలహీనంగా, క్షణకాలం, పైస్థాయిలో పలుకుతాయి. ముఖ్యంగా సకారం బుస 4,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. కీబోర్డు ఉపస్వరాలు సరిగ్గా ఆ చోటును ఆక్రమిస్తే హల్లులు వాటి కింద మరుగైపోతాయి. అచ్చులు మాత్రం వినబడుతుంటాయి. పాట వినబడుతోంది, మాట తెలియడం లేదని మన తల్లులు చెప్పేది అక్షరాలా ఇదే.

పెద్ద వయసులో ఈ ఇబ్బంది రెండింతలవుతుంది. వయసు మీరేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది పైస్థాయి శబ్దాలనే. అంటే హల్లులు వారికి ముందే మసకగా ఉంటాయి. దీనితోపాటు మరొకటి. లోపలి చెవి దెబ్బతిన్నవారికి, వినీ వినబడని శబ్దానికీ భరించలేని శబ్దానికీ మధ్య ఉండే ఎడం తగ్గిపోతుంది. చిన్న శబ్దం అందదు, కాస్త పెంచితే బాధ. అవ్వకు చెవుడు గదా, ఇంకా పెంచితే తప్పేమిటి అని పిల్లలు అడుగుతుంటారు. ఆమె చెవికి వాల్యూము పెంచడం మేలు చేయదు. హల్లులకు చోటు వదిలితేనే మేలు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు వాద్యాల స్పష్టతను గూర్చి ప్రస్తావిస్తాడు. వినేవారికి అర్థం కావాలన్నదే అక్కడ ఆయన శ్రద్ధ. మన గాయక బృందాలకూ అదే కొలబద్ద కావాలి.

ఆళ్లగడ్డ శిల్పి, సింథసైజరు

నంద్యాల నుంచి కడప వైపు రహదారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి శిల్పుల పనితనం అందరికీ తెలిసిందే. శిల్పి రాయికి ఏదీ కలపడు. పెద్ద రాయి తీసుకుని అక్కరలేని భాగాన్ని ఉలితో తీసివేస్తూ పోతాడు. మొదట మోటుగా చెక్కి, ఆపైన సన్నని ఉలితో సవరించి, చివరికి అరగదీసి నునుపు చేస్తాడు.

సింథసైజరులో స్వరం పుట్టే పాత పద్ధతి ఒకటి సరిగ్గా ఇలాంటిదే. అందులో పరికరం మొదట ఉపస్వరాలు నిండుగా ఉన్న మోటు శబ్దాన్ని పుట్టిస్తుంది. దాని ఆకారం రంపపు పళ్లలా ఉంటుంది గనుక రంపపు తరంగం అంటారు. అందులో రెండో ఉపస్వరం బలం సగం, మూడోది మూడో వంతు, నాలుగోది నాలుగో వంతు, ఇలా ఒక్కటీ తప్పకుండా అన్నీ ఉంటాయి. వినడానికి కందిరీగల మోతలా ఉంటుంది. ఆ తరువాత ఫిల్టరు అనే ఉలి పనిచేస్తుంది. ఒక హద్దు పెట్టి, ఆ హద్దుకు పైనున్న ఉపస్వరాలను తగ్గిస్తుంది. ఈ హద్దునే కటాఫ్ అంటారు. 1960లలో అమెరికా ఇంజనీరు రాబర్ట్ మోగ్ రూపొందించిన ఫిల్టరు, హద్దు దాటాక స్వరం రెట్టింపయ్యే ప్రతి అంతస్తుకూ 24 డెసిబెల్స్ చొప్పున శబ్దాన్ని కోసేది. 1970లో వచ్చిన మినీమోగ్ వాద్యానికి ఆ నిండైన, మెత్తని స్వరం రావడానికి అదొక ముఖ్య కారణం.

తరువాత మరో పద్ధతి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న విధానంలో ఒక స్వరంతో మరో స్వరాన్ని వేగంగా కదిలించి కొత్త ఉపస్వరాలను పుట్టిస్తారు. 1983లో యమహా డీఎక్స్7 వాద్యం ఈ పద్ధతితోనే లోకమంతా తిరిగింది. గంటలు, గాజు మెరుపు వంటి స్వరాలు అందులో చక్కగా పలికేవి. దానిలో ఫిల్టరు లేదు. పదును తగ్గాలంటే కదిలించే స్వరం బలాన్నే తగ్గించాలి. అంటే రాయి చెక్కే పని కాదు, కూరలో కారం ముందే తగ్గించి వేసుకునే పని.

అంకెలతో పనిచేసే వాద్యాల్లో ఇంకొక రకం కీచు ఉంది. సెకనుకు 44,100 నమూనాలు తీసుకునే పరికరం అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని సరిగా చూపగలదు. అంతకు మించిన ఉపస్వరాలు పుడితే అవి మడతపడి కింది స్థాయిలోకి వచ్చి, పాటతో పొంతన లేని స్వరాలై వినబడతాయి. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడడం చూశారు గదా, ఇది శబ్దంలో అలాంటి భ్రమ. కంప్యూటరులో, సెల్‌ఫోనులో సింథసైజరు ప్రోగ్రాములు వాడే పిల్లలు దీన్ని గమనించాలి. ఎగువ స్థాయిలో మెట్లు నొక్కినప్పుడు లోహపు గరగర వినబడితే సాధారణంగా కారణం ఇదే. అక్కడ ట్రెబుల్ తగ్గించి ప్రయోజనం లేదు, టోన్ మార్చుకోవడమే మంచిది.

నేడు మన సంఘాల్లో ఉన్న కీబోర్డులు చాలామటుకు అసలు వాద్యాల శబ్దాన్ని రికార్డు చేసి దాచుకున్నవి. వాటిలో కూడా ఫిల్టరు ఉంటుంది. మెనూలో బ్రైట్‌నెస్, కటాఫ్, ఫిల్టర్ అని రకరకాల పేర్లతో కనబడుతుంది. కంప్యూటరుకు కలిపి మిడి పద్ధతిలో వాయించేవారికి ఈ పని చేసే కంట్రోలు సంఖ్య 74.

మన పెద్దలు ఎరిగిన విద్యే

ఇది కొత్త విద్య అనుకోనక్కరలేదు. మృదంగం కుడివైపు చర్మం మధ్యన నల్లని మందు పూత ఉంటుంది. మామూలు చర్మం ఒకదానితో ఒకటి పొసగని ఉపస్వరాలను పలుకుతుంది. ఆ నల్లని పూత వాటిని ఒక క్రమంలోకి తెచ్చి శ్రుతికి కలుపుతుంది. ఈ సంగతిని సి.వి. రామన్ తన సహచరుడితో కలిసి 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు. పేరెరుగని చర్మకారుల చేతిలో తరతరాలుగా ఉన్న విద్యను ఆయన శాస్త్రలోకానికి చూపించారు.

హార్మోనియం సంగతీ అంతే. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ పేటెంటు పొందిన ఆ వాద్యాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఆడించేలా మార్చారు. లోపలి ఇత్తడి రీడు విడిగా మోగితే కీచుమనే శబ్దమే. దాన్ని మెత్తబరిచేవి చుట్టూ ఉన్న కొయ్య పెట్టె, మూత. మూత తీసి ఒకసారి, వేసి ఒకసారి వాయించి చూడండి, తేడా తెలుస్తుంది.

తంబురాలో దీనికి విరుద్ధం చేస్తారు. తీగ కింద సన్నని దారపు పోగు జరిపి ఉపస్వరాలను మేల్కొలుపుతారు. ఆ ఝంకారం లేకపోతే తంబురాకు జీవం లేదు. కాబట్టి పై స్వరాలను శత్రువులుగా చూడకూడదు. అన్నీ కోసేస్తే కీబోర్డు బావిలో నుంచి వాయించినట్టు ఉంటుంది. అవి ఎక్కడ, ఎంత ఉండాలో అంత ఉంచడమే మన పని.

పదును పుట్టే ఐదు చోట్లు

మొదటిది, టోన్ ఎంపిక. బ్రాస్, సింథ్ లీడ్, గంటల టోన్లలో పైస్థాయి ఉపస్వరాలు ఎక్కువ. పరిచయ సంగీతానికి అవి వాడుకున్నా, సంఘమంతా పాడుతున్నప్పుడు మెత్తని స్ట్రింగ్స్, పియానో, ఆర్గన్ వంటివి మేలు. రెండు మూడు టోన్లు ఒకదాని మీద ఒకటి కలిపితే వాటి పదును కూడా కలుస్తుంది. అలా కలిపేటప్పుడు ఒక్కదాన్నే మెరుపుగా ఉంచి, తక్కినవాటి బ్రైట్‌నెస్ తగ్గించాలి. రిజొనెన్స్ అనే మీట ఉంటే దాన్ని తక్కువలో ఉంచండి. అది హద్దు దగ్గరి స్వరాన్ని ముక్కుతో పాడినట్టు పైకి లేపుతుంది.

రెండవది, వాయించే చెయ్యి. చాలా కీబోర్డుల్లో మెట్టును గట్టిగా కొడితే శబ్దం పెరగడమే కాదు, టోన్ కూడా పదునెక్కుతుంది. ఉత్సాహంలో బాదే అలవాటున్న పిల్లలకు టచ్ అమరికను తగ్గించి ఇవ్వవచ్చు. కుడిచేతిని ఒక అంతస్తు కిందికి దించితే ఉపస్వరాలన్నీ సగానికి దిగుతాయి, ఇది క్షణంలో అయ్యే చికిత్స. పాడేవారి స్వరానికి పైన అదే వరుసను మళ్లీ వాయించనక్కరలేదు. చరణం నడుస్తున్నప్పుడు తక్కువ, చరణాల మధ్య ఎక్కువ వాయించే నేర్పు వస్తే మాటలకు దానంతట అదే చోటు దొరుకుతుంది.

మూడవది, వైరూ మిక్సరూ. కీబోర్డు నుంచి వచ్చే సిగ్నలు మైకు నుంచి వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు బలమైనది. దాన్ని మైకు పెట్టుకునే రంధ్రంలో గుచ్చితే మిక్సరు భరించలేదు. తరంగం శిఖరం తెగి చదునవుతుంది. అలా తెగిన అంచుల దగ్గర, టోన్‌లో లేని కొత్త ఉపస్వరాలు పుడతాయి. ఎర్ర దీపం వెలుగుతుంటే అదే గుర్తు. లైన్ అని రాసి ఉన్న చోటనే కలపాలి, పాట బాగా ఊపందుకున్నప్పుడు కూడా ఎర్ర దీపం వెలగకుండా గెయిన్ తగ్గించుకోవాలి. ఆ తరువాతే ట్రెబుల్ సంగతి. మధ్య స్వరాల మీట కదిలించే వీలున్న మిక్సరైతే, 2,500 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ తగ్గించి వినండి. చాలకపోతే మరో 2. ఏదైనా తక్కువనిపిస్తే దాన్ని పెంచే ముందు, ఎక్కువైనదాన్ని తగ్గించి చూడడం మంచి పద్ధతి. ఎకో విషయం కూడా చెప్పాలి. కీబోర్డులో రివర్బ్, మిక్సరులో ఎకో, దేవాలయపు గోడల ప్రతిధ్వని, మూడూ కలిస్తే ఒక హల్లు మోత ఆరకముందే మరో హల్లు వచ్చి పడుతుంది. వీటిలో ఒక్కటి చాలు.

నాలుగవది, స్పీకరు. కింది స్వరాలు లాంతరు వెలుగులా నాలుగు వైపులా పరచుకుంటాయి. పై స్వరాలు టార్చి వెలుగులా సూటిగా పోతాయి. అందుచేత బాక్సుకు ఎదురుగా ముందు బల్లలో కూర్చున్నవారికి చెవి పోటు, పక్కనున్నవారికి మసక. బాక్సులను తలల ఎత్తు దాటించి, మూతి వెనక బల్లల వైపు కాస్త వంచి పెడితే ఇద్దరికీ సమానంగా అందుతుంది. హారన్ మైకులు మాటను దూరం విసరడానికి చేసినవి. అవి కింది స్వరాలను పలకలేవు, కీబోర్డులోని నిండుదనాన్ని వదిలేసి పదునును మాత్రమే ఊరి మీదికి పంపుతాయి. ప్రసంగానికి వాడుకున్నా కీబోర్డును వాటిలోకి పంపకపోవడమే మేలు.

ఐదవది, కట్టడం. మన జిల్లా నాపరాయికి పెట్టింది పేరు. బేతంచెర్ల బండలు పరచిన నేల, సున్నం కొట్టిన గోడలు చూడడానికి అందంగా, చల్లగా ఉంటాయి. కానీ గట్టి నునుపైన బండ పై స్వరాలను మింగదు, అద్దంలా తిప్పికొడుతుంది. పల్లెల్లో రేకుల కప్పు కూడా అంతే. ఖాళీ దేవాలయంలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఝల్లుమని మోత సాగితే గోడలు శబ్దాన్ని బంతిలా ఆడుకుంటున్నాయన్నమాట. దళసరి గుడ్డతో మడతలు పెట్టి కుట్టిన తెరలను గోడకు నాలుగు అంగుళాల ఎడంగా వేలాడదీస్తే, నేల మీద జంబుఖానాలు పరిస్తే పై స్వరాల మోత బాగా తగ్గుతుంది. మనుషుల బట్టలు కూడా శబ్దాన్ని మింగుతాయి. అందుకే శనివారం ఖాళీ గదిలో గుచ్చిన టోన్ ఆదివారం జనం నిండాక కొంత నెమ్మదిస్తుంది. నంద్యాలలో పెద్ద దేవాలయానికి కుదిరిన అమరిక ఆళ్లగడ్డ దగ్గరి చిన్న గదికి కుదరదు. కీబోర్డు ఒకటే అయినా ఊరు మారితే మళ్లీ విని సరిచేసుకోవలసిందే.

వాయించే బిడ్డ చెవి కూడా చెవే

బల్లల్లో కూర్చున్నవారికి బాధ గంటసేపు. మానిటరు పక్కన కూర్చుని వారమంతా అభ్యాసం చేసే పిల్లవాడికి అపాయం అంతకన్నా ఎక్కువ. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ అనే సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. అభ్యాసం తరువాత చెవిలో హోరుమంటే, మాటలు దూది పెట్టుకున్నట్టు వినబడితే, చెవి అలసిందని గుర్తు. మాటిమాటికీ ఇలా జరిగితే పోయిన వినికిడి తిరిగి రాదు. ఇంకొక సంగతి, అలసిన చెవికి పై స్వరాలు సరిగా తెలియవు. అప్పుడు టోన్ మందంగా ఉందనిపించి ట్రెబుల్ పెంచుతారు. కాబట్టి అమరికలను అభ్యాసం మొదట్లోనే, చెవి తాజాగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి.

ఇరుగుపొరుగును కూడా తలచుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. గోడవతల పరీక్షలకు చదువుకునే బిడ్డ, జ్వరంతో పడుకున్న పెద్దాయన ఉండవచ్చు. రాత్రి కూటాలు పెట్టుకునే సంఘాలు ఈ నియమాన్ని మనసులో ఉంచుకోవాలి.

ఒక్క శనివారం చాలు

సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఆరాధన మధ్యలో కీబోర్డు బిడ్డకు సైగలు చేయడం మానండి. దానికి బదులు ఒక శనివారం సాయంత్రం గంటసేపు కేటాయించండి. కీబోర్డు వాయించేవారు, మైకు సెట్టు చూసేవారు, గాయక బృందంలో ఇద్దరు, స్త్రీల మైత్రి నుంచి పెద్ద వయసు తల్లులు ఇద్దరు ఉంటే సరిపోతుంది.

మొదట మిక్సరులో ఎకో తీసివేసి, బేస్, ట్రెబుల్ మీటలు మధ్యలో పెట్టండి. ఎర్ర దీపం వెలగకుండా గెయిన్ సరిచేయండి. మీ సంఘం తరచుగా పాడే పాట ఒకటి, ఎప్పుడూ వాడే టోన్‌తో వాయించమనండి. వాయించేవారి బదులు వేరొకరు దేవాలయమంతా నడిచి వినాలి. ముందు బల్ల, మధ్య, వెనక, గుమ్మం దగ్గర. వాయించే చోట బాగున్నది వెనక బాగుండకపోవచ్చు. గుచ్చిన చోట స్పీకరు కోణం మార్చండి. అప్పటికీ గుచ్చితే బ్రైట్‌నెస్ కొద్దిగా, ఆపైన మధ్య స్వరాలు కొద్దిగా తగ్గించండి. ఒకసారికి ఒక్క మీటే తిప్పండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

చివరిగా ఒక పరీక్ష. కీబోర్డు వాయిస్తుండగా ఒకరు మైకులో పాలు, కాలు, చాలు, తాళు అనే మాటలను వరుస మార్చి మార్చి మెల్లగా పలకాలి. వెనక బల్లలో కూర్చున్న తల్లులు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. పదింటికి తొమ్మిది సరిగా చెప్పగలిగితే మీ అమరిక బాగున్నట్టే. నాలుగైదే చెప్పగలిగితే కీబోర్డును మరికొంత నెమ్మదింపజేయండి, ఆ తల్లులను మాత్రం ఇంకాస్త శ్రద్ధగా వినండని అనవద్దు.

కుదిరిన అమరికలను ఒక నోటు పుస్తకంలో రాసి కీబోర్డు పెట్టెలోనే ఉంచండి. ఏ టోన్, బ్రైట్‌నెస్ ఎంత, మిక్సరులో ఏ మీట ఎక్కడ, స్పీకరు ఏ వైపు, అన్నీ రాయాలి. కీబోర్డులో దాచుకునే వసతి ఉంటే అందులోనూ దాచండి. పై చదువుకో ఉద్యోగానికో ఒక బిడ్డ ఊరు విడిచి వెళ్లినా, ఆ కుర్చీలో కూర్చునే తరువాతి బిడ్డ మొదటి ఆదివారమే చీవాట్లు తినకుండా వాయించగలుగుతాడు.